మన చేల అడుగున చమురు బావి



సాధారణంగా మేము మీతో మాట్లాడేది ఆకుమడి గురించి, ఊడుపుల గురించి, దోమపోటు గురించి. ఇవాళ చెప్పబోయేది చేనుకు పైన పండే పంట కాదు. చేనుకు అడుగున, మూడు నాలుగు వేల మీటర్ల లోతున వున్న చమురు, సహజవాయువు సంగతి. ఇది ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకని అనుకోవద్దు. కృత్తివెన్ను మొదలుకొని బంటుమిల్లి, కైకలూరు, ముదినేపల్లి, అవతల దివిసీమలో నాగాయలంక వరకు ఈ వ్యవహారం మన గట్ల మీదికే వచ్చింది. రిగ్గు నిలిపేది మన మడిలో. గొట్టం వేసేది మన చెరువు గట్టు పక్కన. బావి యెలా తవ్వుతారో తెలిసిన రైతు యేది అడగాలో తెలుసుకుంటాడు. తెలియని రైతు రెండు విధాల నష్టపోతాడు. లేనిపోని భయంతో ఒకటి, వుండవలసిన జాగ్రత్త లేక రెండోది.

మన నేల కింద చమురు యెందుకున్నది?

కృష్ణా గోదావరులు లక్షల యేళ్ళుగా మట్టి, ఇసుక తెచ్చి సముద్రపు ఒడ్డున పోస్తూ వచ్చాయి. అంతకు ముందు కోట్ల యేళ్ళనాడు కూడా ఇక్కడ పల్లమే. దాంట్లో పొర మీద పొరగా ఒండ్రు పడింది. ఆ ఒండ్రుతోపాటు నీటిలోని సూక్ష్మజీవులు, నాచు, చెట్టూ చేమా పూడిపోయాయి. పైబరువుకు, లోపలి వేడికి అవి ఉడికి, కొంత చమురుగా, కొంత వాయువుగా మారాయి. లోతుకు పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వంతున వేడి పెరుగుతుంది. అంటే నాలుగు కిలోమీటర్ల లోతున నీళ్ళు మరిగే వేడిని దాటిపోతుంది.

లోపల చమురు చెరువులా నిలవవుంటుందని చాలామంది అనుకుంటారు. అలా వుండదు. ఇసుకరాతి రేణువుల సందుల్లో, తడి ఇసుకలో నీరు వున్నట్టుగా, వుంటుంది. ఆ ఇసుకరాతి మీద గట్టి బంకరాయి మూతలా కప్పివుంటే చమురూ వాయువూ పైకి పోలేక అక్కడే ఆగుతాయి. మూత లేనిచోట యేనాడో పైకి పోయి గాలిలో కలిసిపోతాయి. కాబట్టి ఒక వూళ్ళో దొరికితే పక్క వూళ్ళో దొరకాలని లేదు.

ఇంకొక చిత్రం చూడండి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో నల్లరాయి పైకి కనబడుతుంది. సుమారు ఆరున్నర కోట్ల యేళ్ళ కిందట లావా పొంగి గడ్డకట్టిన రాయి అది. అక్కడ నేల మీదనే కనబడే ఆ రాయి నరసాపురం, రాజోలు దిక్కుకు పోయేసరికి వేల మీటర్ల లోతుకు దిగిపోయింది. దాని మీద ఇసుకా, బంకా పొరలు పొరలుగా పేరుకున్నాయి. మన డెల్టా అడుగు యెంత లోతున్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చును.

యెప్పటినుంచి తవ్వుతున్నారు?

నేలకు లోతుగా బోరు వేయడం కొత్త విద్య కాదు. చైనాలోని సిచువాన్‌లో ఉప్పునీటి కోసం వెదురు బొంగులతో, ఇనుప ములుకులతో దంచి దంచి 1835 నాటికే వెయ్యి మీటర్లు దాటిన బావి దింపారు. ఆ బావిలోనుంచి వచ్చిన వాయువునే మండించి ఉప్పు కాచుకున్నారు. అమెరికాలో డ్రేక్ అనే ఆయన 1859లో చమురు కోసమని తవ్విన బావి లోతు 70 అడుగులకు లోపే. మన దేశంలో అస్సాంలోని దిగ్బోయిలో 1890 ప్రాంతంలో చమురు పడింది. స్వాతంత్ర్యం వచ్చిన తరవాత 1956లో ఓ.ఎన్.జి.సి. యేర్పడింది.

మన కృష్ణా గోదావరి ప్రాంతంలో మొదటి లోతైన అన్వేషణ బావి 1978లో నరసాపురం దగ్గర వేశారు. 1983లో రాజోలులో వాయువు పడింది. తరవాత కైకలూరు, లింగాల ప్రాంతాల్లోనూ చమురు, వాయువు దొరికాయి. బంటుమిల్లి దిక్కున మరింత లోతైన బావులు దింపారు. 2011లో నాగాయలంక దగ్గర బిగువైన రాతిలో చమురు కనబడింది. సముద్రంలో 2002లో పెద్ద వాయు నిక్షేపం దొరికి, 2009 నుంచి ఒడ్డుకు వచ్చింది. 2024 జనవరిలో లోతు సముద్రం నుంచి ఓ.ఎన్.జి.సి. చమురు తీయడం మొదలుపెట్టింది.

దీనివల్ల వ్యవసాయానికి యేమి ఒరిగిందంటారా? సహజవాయువు నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా తయారవుతుంది. కాకినాడలో 1992లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం ఈ ప్రాంతపు వాయువు మీద నడిచిందే. మన మడిలో చల్లిన యూరియా గుళిక ఒకప్పుడు మన నేల అడుగున వాయువుగా వుండివుండవచ్చు.

తవ్వకానికి ముందు

ముందుగా సర్వే వాళ్ళు వస్తారు. పొలాలకు అడ్డంగా తీగెలు పరుస్తారు. సన్నని బోర్లు వేసి అడుగున చిన్న మందుపాతర పేలుస్తారు. ఆ అదురు లోపలి రాతిపొరలకు తగిలి తిరిగి పైకి వస్తుంది. వైద్యుడు రోగి వీపు మీద వేలితో తట్టి లోపలి సంగతి గ్రహించినట్టు, ఈ అదురులను లెక్కకట్టి యే పొర యెంత లోతున వున్నదో గీస్తారు. ఇక్కడ రైతు చూసుకోవలసినవి రెండు. చేనులో పైరు వుంటే తొక్కిన మేరకు పరిహారం రాయించుకోవాలి. పేల్చిన బోరు గుంటను మళ్ళీ మట్టితో గట్టిగా పూడ్చారో లేదో చూడాలి. పూడ్చకుండా వదిలిన గుంటలో పశువు కాలు పడితే విరుగుతుంది. పైగా మడిలో నీరు నిలవదు.

బావి యెలా తవ్వుతారు?

ఫిల్టరు పాయింటు దింపడం మీలో ప్రతివారూ చూసిందే. చమురు బావి దానికి పెద్దన్న. రిగ్గు అనే ఇనుప గోపురం సుమారు 140 అడుగుల యెత్తు వుంటుంది. ఒక్కొక్క గొట్టం సుమారు 9 మీటర్లు. మూడేసి కలిపి నిలబెట్టుకోవాలి గనుక అంత యెత్తు. గొట్టాల చివర మూడు పళ్ళచక్రాల ములుకు వుంటుంది. గొట్టం తిరుగుతుంటే ములుకు రాతిని నమిలి పొడి చేస్తుంది. ములుకు అరిగిందంటే గొట్టాలన్నీ పైకి లాగి, మార్చి, మళ్ళీ దింపాలి. మూడు వేల మీటర్ల బావికి సుమారు 330 గొట్టాలు. రిగ్గు పని రాత్రింబగళ్ళు ఆగకుండా జరగడానికి కారణం ఇదే.

ఇక అసలు కిటుకు బురదలో వుంది. దాన్నే వాళ్ళు ‘మడ్డు’ అంటారు. నీటిలో బెంటొనైటు అనే బంకమట్టి, బరువు కోసం బెరైటీసు రాతిపొడి, మరికొన్ని మందులు కలిపి గొట్టం లోపలనుంచి కిందికి పంపుతారు. అది ములుకు కన్నాల్లోనుంచి చిమ్ముకొని, గొట్టానికీ బావి గోడకూ మధ్యనున్న సందులోనుంచి రాతిపొడిని మోసుకుంటూ పైకి వస్తుంది. పైన జల్లెడ పట్టి పొడిని వేరుచేసి, బురదను మళ్ళీ లోపలికి పంపుతారు. ఈ బురద నాలుగు పనులు చేస్తుంది. ములుకును చల్లబరుస్తుంది. పొడిని పైకి తెస్తుంది. బావి గోడ కూలకుండా పూత పూస్తుంది. నాలుగోది అన్నిటికన్న ముఖ్యమైనది. లోపలి వాయువు పైకి తన్నుకురాకుండా తన బరువుతో అదిమిపెడుతుంది.

లెక్క చూడండి. పది మీటర్ల నీటి నిలువు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. మూడు వేల మీటర్లకు 300 కిలోలు. నీటికంటే 1.3 రెట్లు బరువైన బురద అయితే 390 కిలోలు. లారీ టైరులో గాలి 7, 8 కిలోలే వుంటుంది. టైరు పేలితేనే గుండె ఝల్లుమంటుంది గదా! మరి అక్కడి ఒత్తిడి సంగతి చెప్పాలా? బురద బరువు తగ్గితే వాయువు తోసుకొని వస్తుంది. మరీ యెక్కువైతే రాయి పగిలి బురదే లోపలికి ఇంకిపోతుంది. ఈ రెంటికీ మధ్య నడపడమే తవ్వకందారు నేర్పు.

మన మంచినీటికి కాపలా యేది?

కృత్తివెన్ను వంటి తీరపు గ్రామాల్లో ఇది ప్రాణం వంటి ప్రశ్న. మన దగ్గర తియ్యనీరు పైపొరలో పలచగా వుంటుంది. దాని కింద ఉప్పునీరు. ఉప్పుటేరు పక్క వూళ్ళవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. లోతుకు బోరు దించితే ఉప్పు తగులుతుందని పసిపిల్లవాడు కూడా చెబుతాడు. అలాంటి నేలలో మూడు నాలుగు వేల మీటర్ల బావి తవ్వితే పైనీరు యేమి కావాలి?

దీనికి కాపలా కేసింగు. మొదట కొంత లోతు తవ్వి, వెడల్పైన ఉక్కు గొట్టం దింపి, గొట్టానికీ మట్టికీ మధ్య సిమెంటు పాలు అడుగునుంచి పైకి యెక్కేటట్టు పోస్తారు. అది గట్టిపడిన తరవాత దాని లోపలనుంచి ఇంకా సన్నగా తవ్వుతారు. మళ్ళీ గొట్టం, మళ్ళీ సిమెంటు. మామూలుగా 20 అంగుళాలతో మొదలై 13, 9 అంగుళాల పైచిలుకు గొట్టాలు దాటి, చివరికి 7 అంగుళాలకో, 5 అంగుళాల పైచిలుకుకో వస్తుంది. ఒకదానిలో ఒకటి అమరిన గిన్నెల వరస అనుకోండి. తియ్యనీటి పొర ఉక్కు వెనక, సిమెంటు వెనక వుండిపోతుంది.

అంటే భయం లేదా? సిమెంటు సరిగా పట్టినంత కాలం లేదు. సిమెంటు సందు పడినా, యేళ్ళు గడిచి ఉక్కు తుప్పుపట్టినా, ఉప్పునీరో వాయువో పైపొరలోకి పాకవచ్చు. అందుకని సిమెంటు పట్టు పరీక్షించే యంత్రాలు వున్నాయి. బావి పనికిరాదని వదిలేసేటప్పుడు కూడా లోపల సిమెంటు బిరడాలు వేసి మూయాలి. అవి వేశారా లేదా అని పంచాయతీ అడిగి కాగితం మీద జవాబు తీసుకోవడం మంచిది.

చమురు పడిందని యెలా తెలుస్తుంది?

తవ్వేటప్పుడు పైకి వచ్చిన రాతిపొడిని చూస్తారు. తీగెకు కట్టిన పరికరాలు లోపలికి దింపి, యే పొరలో ఉప్పునీరు, యే పొరలో చమురు అని కొలుస్తారు. ఆశ వుంటే చివరి గొట్టం దింపి, సిమెంటు చేసి, చమురు పొర యెదుట ఆ గొట్టానికి చిన్న చిన్న మందుగుండుతో కన్నాలు వేస్తారు. అక్కడనుంచి వాయువు లోపలికి వస్తుంది. పరీక్షకోసం దాన్ని కొన్నాళ్ళు మంటగా కాలుస్తారు. దూరంనుంచి కనబడే ఎర్రని మంట అదే. కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులు, దోమలు వెలుతురుకు చేరతాయని మీకు తెలుసు. మంట దగ్గరి చేలవాళ్ళు ఆ రోజుల్లో మొదళ్ళు తరచుగా తట్టి చూసుకోవాలి.

నాగాయలంక వంటి చోట్ల రాయి బిగువుగా వుండి చమురు కదలదు. అప్పుడు ఇసుక కలిపిన నీటిని గొప్ప ఒత్తిడితో లోపలికి పంపి రాతిని చీలుస్తారు. ఇటువంటి బావి దగ్గర రైతు అడగవలసిన ప్రశ్న ఒకటే: తిరిగి వచ్చే ఉప్పునీరు యెక్కడికి పోతున్నది? చమురుతోపాటు యే బావిలోనైనా ఎంతో కొంత ఉప్పునీరు వస్తుంది. దాన్ని శుద్ధిచేయాలి, లేదా లోతు పొరలోకే తిరిగి పంపాలి. పంట బోదెలోకి, మురుగు కాలువలోకి వదలకూడదు. వదిలితే దిగువ చెరువులో చేప ముందు చెబుతుంది, తరవాత ఆకుమడి చెబుతుంది.

ప్రమాదాల సంగతి

లోపలి వాయువు అదుపు తప్పి పైకి రావడాన్ని ‘బ్లోఅవుట్’ అంటారు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర బావి అలా అంటుకున్నది. మంటను ఆర్పి బావిని మూయడానికి రెండు నెలలకు పైగా పట్టింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. బావి నోటి దగ్గర బి.ఓ.పి. అనే బలమైన కవాటాలు వుంటాయి. లోపలినుంచి తన్ను రాగానే గొట్టం చుట్టూ బిగుసుకొని నోరు మూయడం వాటి పని. అవి సకాలంలో మూతపడాలంటే, తిరిగి వచ్చే బురద పెరిగిందా అని మనిషి కన్ను వేసి వుండాలి. యంత్రం యెంత గొప్పదైనా మెలకువ మనిషిదే.

రెండోది గొట్టాల ప్రమాదం. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ సంస్థ గొట్టంనుంచి వాయువు బయటికి వచ్చి, నిప్పు తగిలి భగ్గుమన్నది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు మాడిపోయాయి. ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం వుంది. వంటగ్యాసుకు వాసన వుంటుంది గదా అని ధైర్యపడవద్దు. ఆ వాసన మనకు తెలియడంకోసం తరవాత కలిపింది. సహజవాయువుకు దానంతటికి వాసన లేదు. కాబట్టి గొట్టం పోయే దారిలో ఈ గుర్తులు చూడండి. నిలిచిన నీటిలో బుడగలు ఆగకుండా రావడం. బుసకొట్టిన చప్పుడు. గాలి లేనిచోట దుమ్ము లేవడం. పచ్చని పైరులో ఒక్కచోట మాత్రం కారణం లేకుండా యెండిపోవడం.

అలా కనిపిస్తే బీడీ, అగ్గిపుల్ల ముట్టకూడదు. మోటారు స్విచ్చి వేయకూడదు, తీయకూడదు. ట్రాక్టరు గాని, మోటారు సైకిలు గాని స్టార్టు చేయకూడదు. గాలి యెటునుంచి వీస్తున్నదో చూసి, ఆ దిక్కుకే, గాలికి యెదురుగా నడిచి దూరంగా పోవాలి. దూరం పోయిన తరవాతే ఫోను తీసి గొట్టం గుర్తురాయి మీద రాసివున్న నంబరుకు, 112కు చెప్పాలి. ఆ నంబరు ఇవాళే ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి. ఆపదలో రాయి దగ్గరికి పోయి చదువుతామంటే కుదరదు.

భూమి హక్కు, పరిహారం

నేల పైభాగం మనది. లోతున వున్న చమురు, వాయువు మాత్రం మనవి కావు, ప్రభుత్వానివి. నేల మీద తీసిన చమురు, వాయువుల మీద రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. మనకు రావలసింది భూమి వాడుకున్నందుకు, పంట పోయినందుకు పరిహారం.

గొట్టం వేయడానికి 1962 నాటి కేంద్ర చట్టం ఒకటి వుంది. దాని ప్రకారం కంపెనీకి వచ్చేది వాడుక హక్కు మాత్రమే. భూమి మనదే. ముందు గెజెటులో ప్రకటన వేస్తారు. 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. గొట్టం పూడ్చిన తరవాత యెప్పటిలాగే సార్వా, దాళ్వా వేసుకోవచ్చు. అయితే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు.

ఈ చివరి మాట కృత్తివెన్ను, బంటుమిల్లి రైతులు రెండుసార్లు వినాలి. మన దగ్గర యెన్నో ఎకరాలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. ఇవాళ వరిచేనుగా వున్న భూమిలో గొట్టం పోతే, రేపు ఆ పట్టీని చెరువు చేయడానికి లేదు. మడి మధ్యగా గొట్టం పోతే అటూ ఇటూ చెరువుకు చాలని ముక్కలు మిగులుతాయి. కాబట్టి గొట్టం వేసిన తరవాత విచారించేకంటే, ఆ 21 రోజుల్లోనే, గట్టు వెంబడి తీసుకుపొమ్మని సర్వే పటంతో సహా అర్జీ పెట్టుకోవడం మేలు. పరిహారం రెండు భాగాలు. జరిగిన నష్టానికి ఒకటి. ప్రకటన నాటి భూమి మార్కెట్టు విలువలో నూటికి పది వంతున రెండోది. నిర్ణయించిన మొత్తం చాలదనుకుంటే జిల్లా జడ్జిగారి దగ్గరికి పోవచ్చు. నష్టం పరిహారం భూమిలో హక్కు సంబంధం వున్న ఎవరైనా అడగవచ్చు గనుక, కౌలుకు చేసుకునే సోదరులు తమ సాగు కాగితం, 2019 చట్టం కింద వచ్చే సాగుదారు హక్కు కార్డు దగ్గర పెట్టుకోవాలి. పైరు కౌలుదారుడిది అయినప్పుడు పైరు నష్టం కూడా అతనికే చెందాలి.

ఇక బహిరంగ విచారణ. 2020 జనవరి సవరణ తరవాత అన్వేషణ బావులకు అది లేదు. బావినుంచి వ్యాపార సరళిని ఉత్పత్తి చేసే ప్రాజెక్టుకు మాత్రం వుంటుంది. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటిస్తుంది. నివేదిక సారాంశం తెలుగులో దొరుకుతుంది. దాన్ని తెచ్చి రచ్చబండ దగ్గర చదివించుకొని, అప్పుడు సభకు పోండి. సభలో కేకలు వేసినదానికంటే, రాసి ఇచ్చిన ప్రశ్నకు బలం యెక్కువ. రాసిన ప్రశ్నకు జవాబు కూడా రాయవలసి వస్తుంది.

మడి ఇచ్చేముందు, తిరిగి తీసుకునేముందు

బావి స్థలానికి భూమి కౌలు మీద అడిగితే ఒప్పందంలో ఈ విషయాలు రాయించుకోండి.

ఒకటి, పైమట్టి. మన పంట పండేది పై ఆరు అంగుళాల మట్టిలోనే. రిగ్గు బరువు ఆగడానికి దాని మీద గ్రావెలు పోసి తొక్కిస్తారు. ముందుగా పైమట్టి గీకి వేరే కుప్ప పోయించాలి. భూమి తిరిగి ఇచ్చేనాడు గ్రావెలు యెత్తివేసి, ఆ మట్టి మళ్ళీ పరిపించాలి.

రెండు, నీటిదారి. మన డెల్టాలో పల్లం అంగుళాల్లో వుంటుంది. రిగ్గుకు వేసిన రోడ్డు ఒక బోదెను మూసినా, ఒక మురుగు కాలువకు అడ్డం వచ్చినా యెగువ యాభై ఎకరాలు మునుగుతాయి. రోడ్డు కింద చాలినన్ని తూములు పెట్టించాలి.

మూడు, బురద గుంట. వాడిన బురద, రాతిపొడి నిలవచేసే గుంటకు నీరు ఇంకని పట్టా పరచాలి. గట్టు వర్షాకాలపు నీటికి పొర్లకుండా యెత్తుగా వుండాలి. మన తీరానికి తుపాను కొత్త చుట్టం కాదు గదా.

నాలుగు, పరీక్ష. ఇది అన్నిటికన్న చవక, అన్నిటికన్న విలువైనది. రిగ్గు రాకముందే మీ మట్టి, మీ నీరు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఆరు అంగుళాల లోతున వి ఆకారంలో మట్టి తీసి, కలిపి, పాలు చేసి అరకిలో మిగుల్చుకోండి. నీడలో ఆరబెట్టి రైతు సేవా కేంద్రం ద్వారా పంపండి. నీటికి శుభ్రమైన సీసా తీసుకొని, అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. పని పూర్తయ్యాక మళ్ళీ అదే చోట తీయండి. ముందు కాగితం లేకుండా “మా చేను చెడింది” అంటే, “మీ చేను మొదటినుంచీ ఉప్పుదే” అని జవాబు వస్తుంది. తీరపు నేలలో ఆ జవాబు కొట్టివేయడం కష్టం. మట్టి సారంలో లవణ సూచిక 4 దాటితే ఉప్పునేల అంటారు. వరి 3 దాటినప్పటినుంచే దిగుబడి తగ్గుతుంది.

తిరిగి వచ్చిన మడిని బాగుచేయడం యెలా? వేసవిలో లోతు దుక్కి చేసి, తొక్కుడుకు బిగిసిన అడుగు పొర చీల్చాలి. ఉప్పు పెరిగితే మడికట్టి మంచినీరు పెట్టి, మురుగు తీసి, రెండు మూడుసార్లు కడగాలి. మురుగు దారి లేకుండా నీరు నింపితే ఉప్పు అక్కడే వుంటుంది. జిప్సం ప్రతి చౌడుకూ మందు కాదు. పాలచౌడుకు కడగడమే మందు. కారుచౌడు అని పరీక్షలో తేలితేనే జిప్సం. ఆపైన జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నండి. పశువుల ఎరువు దండిగా వేయండి. పైమట్టి పోయిన చోట జింకు లోపం త్వరగా కనబడుతుంది గనుక ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయండి. మచిలీపట్నం పరిశోధనా స్థానంవారి ఎం.సి.ఎం. రకాలు ఉప్పును కొంత తట్టుకుంటాయి. మొదటి సార్వాకు అవి మంచివి.

నేల కుంగుతుందా?

ఈ ప్రశ్న యెక్కడికి పోయినా వస్తుంది. ఇటలీలోని పో నది డెల్టాలో 1930ల చివరినుంచి పైపైన వున్న నీటిపొరల్లోనుంచి నీటితో సహా వాయువు తోడారు. కొన్నిచోట్ల నేల రెండు మూడు మీటర్లు కుంగింది. 1960ల మొదట్లో ప్రభుత్వం ఆ బావులను ఆపించింది. హాలెండులో గ్రోనింగెన్ వాయుక్షేత్రం వల్ల భూకంపాలు వచ్చి ఇళ్ళు బీటలు వారాయి. 2012లో పెద్ద అదురు వచ్చాక తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి 2024లో శాశ్వతంగా మూశారు. మన బావులు పో డెల్టా బావులకంటే చాలా లోతు. రాయి కూడా గట్టిది. కనుక అక్కడ జరిగింది ఇక్కడ జరిగితీరుతుందని చెప్పలేము.

అలాగని కొలవకుండా వుండనూ కూడదు. డెల్టా నేల తన బరువుకు తానే కొంత దిగుతుంది. పూర్వం యేటా వరదతో వచ్చిన ఒండ్రు ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు ఒండ్రు యెగువ జలాశయాల్లోనే ఆగిపోతున్నది. 2009లో ప్రపంచంలోని డెల్టాల గురించి వచ్చిన ఒక అధ్యయనం కృష్ణా, గోదావరి డెల్టాలను కూడా ప్రమాదంలో వున్నవాటిలో చేర్చింది. కుంగుడు జానెడైనా మన మురుగు కాలువ సముద్రానికి పారదు, పైగా పోటునీరు యెదురు వస్తుంది. అందుకని బావులున్న గ్రామాల్లో నేల మట్టం గుర్తురాళ్ళు వేసి, యేడాదికొకసారి కొలిచి, ఆ లెక్క పంచాయతీ గోడ మీద రాయమని అడగడం రైతుకు న్యాయమైన కోరిక. లెక్క దాచనక్కరలేనివాడు రాయడానికి వెనుకాడడు.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. రిగ్గు వచ్చిన గ్రామంలో మన పని పెరుగుతుంది. మట్టి పరీక్షలు దగ్గరుండి తీయించండి. గెజెటు ప్రకటన వచ్చిన రోజునే తేదీలు లెక్కవేసి రైతులకు చెప్పండి. కౌలు రైతు పేరు పరిహారం జాబితాలో వుందో లేదో చూడండి. గొట్టం పోయే సర్వే నంబర్ల జాబితా కేంద్రం గోడకు అంటించండి.

సోదరులారా, చమురు దేశానికి కావాలి. యూరియా మనకూ కావాలి. కాని బావి ఆయుర్దాయం ఇరవై ముప్పై యేళ్ళు. మడి ఆయుర్దాయం తరతరాలు. బావి వట్టిపోయిననాడు రిగ్గు వెళ్ళిపోతుంది, కంపెనీ వెళ్ళిపోతుంది. నాగలి పట్టుకొని అక్కడ నిలబడేది మన పిల్లలే. వాళ్ళకు ఆ మడి యే స్థితిలో చేరాలో ఇవాళ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టేముందే ఆలోచించుకోవాలి. ముందు పరీక్ష, తరవాత రాత, ఆ తరవాతే సంతకం. ఈ మూడు మాటలు మరువకండి.